అమ్మానాన్నలతో బెర్గెన్‌లో మూడు రోజులు: వాన, మోకాళ్లు, శాకాహారం

తెనాలి_టు_ఓస్లో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నార్వే రాజధాని ఓస్లో వచ్చి ఏడు నెలలైంది. జూన్ రెండో వారంలో అమ్మా నాన్నా తెనాలి నుంచి వస్తున్నారు. వాళ్లు ఇండియా దాటడం ఇదే మొదటిసారి. ఇక్కడి పడమటి తీరంలో ఉన్న బెర్గెన్‌లో మూడు రాత్రులు ఉందామని హోటల్ బుక్ చేశాను. రానూపోనూ రైల్లోనే.

నాన్నకు 68. రెండు మోకాళ్లూ నొప్పే. అరగంట నడిస్తే పది నిమిషాలు కూర్చోవాలి, కానీ ఆ మాట ఆయన నోటితో చెప్పడు, మనమే కనిపెట్టాలి. చేప ఉంటే చాలు, ఇంకేం అడగడు. అమ్మ ఏడేళ్ల కిందట మొక్కుకుని మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేసింది. పైగా శనివారం ఒంటిపూట.

మా ఆఫీసులో ఒకాయన తన ఎక్సెల్ షీట్ ఇచ్చాడు. మూడు రోజుల్లో 17 చోట్లు. ఉదయం ఏడింటికి మొదలు, రాత్రి పదింటికి ముగింపు. మధ్యలో ఒకరోజు మొత్తం ఫ్లోమ్ అనే ఊరికి కొండ దిగే రైలు, ఫియర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) బోటు. చూస్తేనే నాకు టెన్షన్ వస్తోంది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? వాన గురించి అందరూ భయపెడుతున్నారు, నిజంగా అంత ఉంటుందా? ఇంకోటి, అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడని నాన్నకు ముందే చెప్పేశాను. ఆయన వీధిలో అందరికీ చెప్పేశాడు. కనిపిస్తాడు కదా?

వానలో_నిజామాబాద్

కనిపించడు తమ్ముడూ. (చిన్నవాడివే అనుకుని తమ్ముడూ అంటున్నాను.) సూర్యుడు అస్తమించకుండా ఉండాలంటే ఇంకా చాలా ఉత్తరానికి, ఆర్కిటిక్ వృత్తం దాటి, ట్రోమ్సో వైపు వెళ్లాలి. ఇక్కడ బెర్గెన్‌లో జూన్‌లో రాత్రి 11 దాటాక అస్తమించి తెల్లవారుజామున నాలుగు దాటగానే మళ్లీ వచ్చేస్తాడు. మధ్యలో కూడా పూర్తి చీకటి పడదు. పదిన్నరకి నాన్నగారిని హోటల్ బయట నిలబెట్టి పేపర్ చదివించి ఫోటో తియ్యి. వీధిలో పరువు నిలబడుతుంది.

నేను ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు. పసిపిల్లల బడిలో పనిచేస్తాను. మా బడిలో రెండేళ్ల పిల్లలు కూడా తల నుంచి కాలి దాకా రబ్బరు బట్టలు తొడుక్కుని వానలోనే బురదలో ఆడతారు. మొదటి సంవత్సరం నాకు ఏడుపొచ్చేది, జలుబు చేస్తుందని ఒక్కో పిల్లని లోపలికి లాక్కొచ్చేదాన్ని. ఇప్పుడు నేనే బయటికి తోలుతున్నాను. కాబట్టి వాన గురించి నా మాట నమ్మొచ్చు.

ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, మన కోస్తా జిల్లాల వానకు రెట్టింపు పైమాటే. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి ఊరి చుట్టూ ఉన్న కొండలకు కొట్టుకుని అక్కడే దులుపుకుని పోతుంది. 2006 అక్టోబర్ చివర మొదలైన వాన 2007 జనవరి దాకా వరుసగా 85 రోజులు పడిందని ఇక్కడివాళ్లు మనం తుఫాన్ల కథలు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. అయితే మన వానలా దంచి కొట్టదు. తుంపర, కాసేపు ఎండ, మళ్లీ తుంపర. అదృష్టం కొద్దీ మే, జూన్ కాస్త పొడి నెలలే. గొడుగు మాత్రం తేవద్దు, గాలికి తిరగబడుతుంది. ముగ్గురికీ టోపీ ఉన్న రెయిన్‌కోట్లు, పట్టు ఉన్న బూట్లు తెచ్చుకోండి. అమ్మగారిని చీర మీద చెప్పులతో తీసుకురావద్దు. ఎందుకో కింద చెబుతాను.

ఇక ఆ షీట్ మూసెయ్. రోజుకి ఒకటే పెద్ద పని పెట్టుకో. ఏ రోజు ఏ పని అన్నది ముందే రాసుకోకు, పొద్దున కిటికీలోంచి కొండ కనిపిస్తోందా లేదా చూసి తేల్చుకో. కొండ కనిపించిన రోజే ఫ్లోయెన్ అనే ఆ కొండ ఎక్కాలి. ఊరి నడిబొడ్డునే ఫ్లోయ్‌బానెన్ స్టేషన్ ఉంది. పట్టాల మీద కొండెక్కే బండి, 1918 నుంచి నడుస్తోంది. పది నిమిషాల లోపే 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, మోకాళ్లకు పనే లేదు. పైన బెంచీలున్నాయి, ఊరూ రేవూ దీవులూ అన్నీ అక్కడే కూర్చుని చూడొచ్చు. ఎండాకాలంలో అక్కడ మేకలు తిరుగుతుంటాయి. వాటికి కంచె ఉండదు, మెడలో ఎలక్ట్రానిక్ పట్టీ ఉంటుంది, హద్దు దాటబోతే మోగుతుంది. అమ్మగార్లకు కొండ కంటే మేకలే నచ్చుతాయి, మా అమ్మతో చూశాను. ఉల్రికెన్ ఇంకా ఎత్తు, 643 మీటర్లు, కేబుల్ కార్ ఉంది. కానీ గాలెక్కువైతే ఆపేస్తారు. రెండూ అక్కర్లేదు.

కొండ కనిపించని రోజు బ్రిగ్గెన్. రేవు ఒడ్డున వరసగా ఉన్న ఆ రంగుల చెక్క ఇళ్లు నువ్వు ఫోటోల్లో చూసే ఉంటావు. చాలామంది ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. అసలు సంగతంతా వెనకాల సందుల్లో ఉంది. నేల కూడా చెక్కపలకలే, తడిస్తే జారుతుంది. చెప్పులు వద్దన్నది అందుకే. నాన్నగారి చెయ్యి పట్టుకో.

అది ఇళ్ల వరస కాదు తమ్ముడూ, ఎండుచేపల గోదాము. 1360 ప్రాంతంలో జర్మన్ వర్తకులు, హన్సా కూటమి వాళ్లు, ఇక్కడ ఆఫీసు పెట్టారు. ఉత్తరాన లోఫోటెన్ నుంచి జాలర్లు ఎండబెట్టిన కాడ్ చేప పడవల్లో తెస్తే, దానికి బదులు వీళ్లు ధాన్యం ఇచ్చేవాళ్లు. ఉత్తరాది జాలరి ఈ ఏడు ధాన్యం తీసుకుని వచ్చే ఏటి చేపతో తీరుస్తానని రాసిచ్చేవాడు. ఆ బాకీ ఎప్పటికీ తెగేది కాదు. మన ఊళ్లలో షావుకారి పద్దు లాంటిదే. ఇక్కడ ఉండే జర్మన్లంతా మగవాళ్లే, పెళ్లి చేసుకోకూడదు. చెక్క ఇళ్లు కాబట్టి లోపల నిప్పు కూడా రాజెయ్యకూడదు. ఈ చలిలో! వేడి అన్నం తినాలన్నా ఒళ్లు కాచుకోవాలన్నా వెనకాల విడిగా కట్టిన షోట్‌స్టూయెనె అనే హాళ్లకు పోవాల్సిందే. అంత జాగ్రత్త పడినా 1702లో మొత్తం తగలబడింది. ఇప్పుడు మనం చూసేవి ఆ తర్వాత పాత పద్ధతిలోనే మళ్లీ కట్టినవి. 1979లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. ఒరిగి ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఎందుకుంటాయంటే, కింద పునాది కూడా దుంగలే. భూమిలో నీరు తగ్గితే దుంగలు పుచ్చి ఇల్లు కుంగుతుంది.

పక్కనే ఉన్న బ్రిగ్గెన్ మ్యూజియం మాత్రం వదలొద్దు. 1955లో ఇంకో అగ్నిప్రమాదం జరిగి కొన్ని ఇళ్లు పోయాక అక్కడ తవ్వారు. పాత రూన్ లిపిలో చెక్కిన పుల్లలు, ముక్కలు వందల కొద్దీ దొరికాయి. అందులో ఒక పుల్ల మీద ఏముందో తెలుసా? "గీదా నిన్ను ఇంటికి రమ్మంటోంది" అని. ఎవరో భర్తకి, బహుశా సారాకొట్లో కూర్చున్నవాడికి, భార్య పంపిన కబురట. వందల ఏళ్ల నాటి వాట్సాప్ మెసేజ్.

తిండి సంగతి: ఫిష్ మార్కెట్‌లో ఒకసారి తిరగండి, తినడానికి అదే చోటు కానక్కర్లేదు. అమ్మగారికి హోటల్ పొద్దుటి టిఫిన్‌లో బ్రెడ్డు, చీజ్, పండ్లు ఉంటాయి. వంటగది ఉన్న గది దొరికితే హోటల్ మార్చేసుకో, అదొక్కటే నా గట్టి సలహా. పప్పు, పసుపు, కారం దొరికే కొట్లు ఊళ్లోనే ఉన్నాయి. స్కిల్లింగ్స్‌బొల్లె అని ఇక్కడి దాల్చినచెక్క బన్ను బాగుంటుంది కానీ పైన గుడ్డు పూస్తారు, అమ్మగారికి ముందే చెప్పు.

కాకినాడ_కాడ్

అక్క మొత్తం చెప్పేశారు, నాకేం మిగల్చలేదు. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను, చేపల మీదే. కాబట్టి ఎండుచేప గురించి రెండు మాటలు.

మీ నాన్నగారికి టొర్‌ఫిస్క్ చూపించండి. మనం ఉప్పు పట్టించి ఇసకలో ఎండేస్తాం కదా, వీళ్లు ఉప్పు రాయరు. తల తీసేసి రెండేసి చేపల్ని తోకల దగ్గర కట్టి దండేల మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ చలిగాలే ఎండబెడుతుంది. గడ్డకట్టీ కట్టని చలి కాబట్టి ఈగ వాలదు, చేప కుళ్లదు. కర్రలా అవుతుంది, పట్టుకుని ఎవరినైనా కొట్టొచ్చు. ఏళ్ల తరబడి పాడవదు. ఇప్పటికీ ఇటలీకీ నైజీరియాకీ పోతుంది. ఉప్పు వేసి ఎండబెట్టేది వేరే, దాన్ని క్లిప్‌ఫిస్క్ అంటారు. నేను ఒకసారి టొర్‌ఫిస్క్ నానబెట్టకుండా మన వంకాయ ఎండుచేప కూరలా వండబోయాను. రూమ్మేట్లు ఫైర్ అలారం మోగకముందే కిటికీలు తెరిచారు. రోజుల తరబడి నానబెట్టాలట, తర్వాత తెలిసింది.

నాన్నగారికి 67 దాటాయి కాబట్టి రైల్లో, ఇక్కడి ట్రామ్ బీబానెన్‌లో తగ్గింపు టికెట్ వస్తుంది, మర్చిపోకండి. ఆ ట్రామ్‌లో ఊరికే అటూ ఇటూ తిరిగినా బాగుంటుంది. ప్రతి స్టాపుకీ వేరే వేరే చిన్న బాణీ మోగుతుంది. నేను దిగాల్సిన స్టాపు పేరు ఇప్పటికీ సరిగ్గా పలకలేను, బాణీ మాత్రం వచ్చు.

గాజువాక_ప్రయాణి

నేను కాస్త వేరే మాట చెబుతాను. పోయిన ఆగస్టులో అత్తామామలతో వెళ్లాం. ఫ్లోమ్ తీసెయ్యమంటే నేను ఒప్పుకోను. అంత దూరం వచ్చి ఫియర్డ్ చూడకుండా పోతే ఎలా? కానీ బెర్గెన్ నుంచి ఒక్క రోజులో చెయ్యొద్దు. మేం ఆ తప్పే చేశాం. ఒకళ్ల దగ్గర ప్యాకేజీ కొన్నాం. పొద్దున ఎనిమిదికి రైలు, వోస్‌లో దిగి బస్సు, గుద్వాంగెన్‌లో బోటు, ఫ్లోమ్‌లో రైలు, మిర్దాల్‌లో ఇంకో రైలు. ప్రతిచోటా క్యూ. ఒక బస్సులో సీట్లు చాలక తర్వాతి దాని కోసం నిలబడ్డాం. మామగారు బోటులో నిద్రపోయారు, యునెస్కో గుర్తింపు ఉన్న నేరోయ్‌ఫియర్డ్ మొత్తం ఆయన గురక మీదే దాటింది.

మీరు ఎలాగూ ఓస్లో నుంచే వస్తున్నారు కాబట్టి దారిలో మిర్దాల్‌లో దిగిపోండి. అక్కడి నుంచి ఫ్లోమ్‌కి 20 కిలోమీటర్లు, గంట ప్రయాణం, 860 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. మధ్యలో షోస్‌ఫొస్సెన్ జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. ఎండాకాలంలో సంగీతం మోగుతుంటే ఎర్ర దుస్తుల్లో ఒకావిడ బండల మీద కనబడి ఆడుతుంది. హుల్ద్రా అని వీళ్ల అడవి మోహిని. మా అత్తగారు దణ్ణం పెట్టారు! రాత్రి ఫ్లోమ్‌లోనే పడుకుని మర్నాడు బోటు, బస్సు, రైలు పట్టుకుని బెర్గెన్ చేరండి.

ఫిష్ మార్కెట్ గురించి అక్క మెత్తగా చెప్పారు, నేను గట్టిగా చెబుతా. ఒక స్టాల్‌లో రేటు చూడకుండా ముగ్గురికి ప్లేట్లు చెప్పాం. బిల్లు వెయ్యి క్రోనర్లు దాటింది. మామగారు రూపాయల్లోకి మార్చి లెక్కేసి ఆ పూట ఇంకేం మాట్లాడలేదు. బోర్డు మీద రేటు చూసుకోండి, పెద్దవాళ్లకు మాత్రం చెప్పకండి.

తెనాలి_టు_ఓస్లో

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, వంటగది ఉన్న చోటుకి మార్చేశాను, కొంచెం డబ్బులు పోయాయి. ఫ్లోమ్ దగ్గరే తేల్చుకోలేకపోతున్నాను. ఒక రాత్రి అక్కడ పెడితే బెర్గెన్‌కి రెండే మిగులుతాయి. మీరేమంటారు?

వానలో_నిజామాబాద్

గాజువాకవారు చెప్పిన దారి మంచిదే, కాదనను. కానీ మూడు సామాన్లు, నాలుగు బళ్లు మారడం, నొప్పి వచ్చినా చెప్పని నాన్నగారు. నేనైతే ఓస్లో నుంచి నేరుగా వస్తాను. 1909లో వేసిన ఆ రైలుదారి మీదే ఆరున్నర, ఏడు గంటలు కూర్చుని సగం నార్వే చూసేస్తారు. ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్‌లో కూడా మంచు ఉంటుంది. అది వచ్చేముందు అమ్మగారిని నిద్ర లేపు.

ఫియర్డ్ కావాలంటే ఫిష్ మార్కెట్ పక్క నుంచే మోస్ట్రౌమెన్ అనే సన్నటి జలసంధి దాకా బోటు వెళ్తుంది, రానూపోనూ మూడు, మూడున్నర గంటలు. లోపల కూర్చునే ఉండొచ్చు, టాయిలెట్ ఉంది. ఆ చివర జలపాతం కిందికి బోటు తీసుకెళ్లి బకెట్‌తో నీళ్లు పట్టి అందరికీ తాగడానికిస్తారు. నేరోయ్‌ఫియర్డ్ అంత గొప్పది కాదు. నాన్నగారు మెలకువగా ఉంటారు, అంతే.

గ్రీగ్ అనే సంగీతకారుడి ఇల్లు, ఫాంటోఫ్ట్ చెక్క చర్చి మీ షీట్లో ఉండే ఉంటాయి. రెండింటికీ ట్రామ్ దిగి నడవాలి. ఈసారికి వదిలెయ్.

ఒక్కటి మాత్రం ఎవరి షీట్లోనూ ఉండదు. రైల్వే స్టేషన్ దగ్గర సెంట్ యోర్గెన్ ఆసుపత్రి అని పాత కుష్ఠురోగుల ఆసుపత్రి ఉంది, ఇప్పుడు మ్యూజియం. పెద్దరోగం ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని 1873లో కనిపెట్టిన గెర్‌హార్డ్ ఆర్మావుర్ హాన్సెన్ ఈ ఊరి డాక్టరే. అప్పటిదాకా వంశంలో వస్తుందనో, పాపం వల్ల వస్తుందనో అనుకునేవాళ్లు. మా అమ్మమ్మది డిచ్‌పల్లి పక్క ఊరు. డిచ్‌పల్లిలో పెద్ద కుష్ఠు ఆసుపత్రి ఉంది, చిన్నప్పుడు మేం ఆ గోడ పక్క నుంచి పోతుంటే మా మామయ్యలు ఊపిరి బిగబట్టమనేవాళ్లు. ఇక్కడ ఆ చెక్క గదుల్లో నిలబడ్డప్పుడు అదే గుర్తొచ్చింది. చిన్న చిన్న గదులు, ఒక్కో దాంట్లో ఇద్దరేసి, ముగ్గురేసి బతుకంతా గడిపారు. చివరి ఇద్దరు రోగులు 1946లో పోయారు. హాన్సెన్‌ని కూడా దేవుణ్ణి చేసి చెప్పుకోనక్కర్లేదు. ఒక రోగి కంట్లో ఆమె ఒప్పుకోకుండా ప్రయోగం చేశాడని కోర్టు 1880లో ఆయన ఆసుపత్రి ఉద్యోగం తీసేసింది. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది అదే. ఎండాకాలంలోనే తెరుస్తారు, వేళలు చూసుకుని వెళ్లు. అమ్మగారు వద్దంటే బలవంతం చెయ్యకు. పక్కనే రైల్వే స్టేషన్‌ని ఆనుకుని ఊరి లైబ్రరీ ఉంది, వానలో కూర్చోవడానికి అంత మంచి చోటు ఇంకోటి లేదు.

తెనాలి_టు_ఓస్లో

నిన్న రాత్రే ఓస్లో తిరిగొచ్చాం. రిపోర్ట్ రాయకపోతే తిండి సహించదు.

ఫ్లోమ్ మానేశాం (గాజువాకవారు క్షమించాలి). రైల్లో ఫిన్సె దగ్గర అమ్మ నిద్ర లేచి మంచు చూసి, "జూన్‌లో ఇదేం చోద్యం రా, రోహిణీ కార్తె వెళ్లి వారం కాలేదు" అంది. మొదటి రోజు కొండ కనపడలేదు. అసలు కొండ అక్కడుందని నమ్మడానికి నాన్న ఒప్పుకోలేదు. బ్రిగ్గెన్ వెళ్లాం. సందులో నాన్న జారాడు, పడలేదు, కానీ అప్పటి నుంచి నా చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడలేదు. ఎండుచేప చేతికిచ్చారు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "నిజాంపట్నం సరుకు ముందు ఇది తేలిపోతుంది" అని తేల్చేశాడు. కాకినాడవారు ఏమంటారో మరి. షావుకారి బాకీ సంగతి చెబితే మాత్రం కదిలాడు. మా తాతకి అలాంటి పద్దు ఉండేదట. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

రూన్ పుల్ల అమ్మకి తెగ నచ్చింది. ఇప్పుడు నాన్న టీవీ ముందు నుంచి లేవకపోతే "గీదా పిలుస్తోంది" అంటోంది.

రెండో రోజు ఎండ. ఫ్లోయెన్ మీద రెండున్నర గంటలు, అందులో గంటన్నర మేకల దగ్గరే. మెడలో పట్టీ సంగతి చెబితే మా ఊళ్లో గేదెకి కడితే బాగుండని లెక్కలు మొదలుపెట్టారు ఇద్దరూ. సాయంత్రం గోధుమరంగు చీజ్ కొన్నాం, బ్రూనోస్ట్. పాలకోవా అడుగంటినట్టుంది అంది అమ్మ. అలా అంటూనే సగం దిమ్మ తినేసింది. రాత్రి పదిన్నరకి నాన్న పేపర్ ఫోటో తీశాం. తెనాలికి పంపేశాడు.

మూడో రోజు బోటు. జలపాతం నీళ్లు అమ్మ గంగలా కళ్లకద్దుకుని తాగింది, కాస్త సీసాలో పట్టుకుంది. మధ్యాహ్నం సెంట్ యోర్గెన్‌కి నేనూ నాన్నా వెళ్లాం, అమ్మ లైబ్రరీలో కూర్చుంది. నాన్న ఆ గదుల్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బయటికొచ్చాక ఒక పది నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లేమో అనుకున్నాను. "కాదులే" అన్నాడు.

తప్పు జరిగింది ఒక్కటే. ఓడరేవులో ఏ రోజు పెద్ద క్రూయిజ్ ఓడలు వస్తాయో ముందే చూసుకోలేదు. రెండో రోజు సాయంత్రం బ్రిగ్గెన్ ముందు తిరునాళ్లలా ఉంది, ఐస్‌క్రీమ్ కోసం అరగంట నిలబడ్డాం. ఓడల రాకపోకల పట్టిక నెట్‌లో ఉందట, వెళ్లేవాళ్లు చూసుకోండి.

అక్కా, మీకు ఫోన్ చేద్దామనుకుంటూనే రైలు టైమైపోయింది. అమ్మ మీకోసం గోంగూర పచ్చడి సీసా మా బస రిసెప్షన్‌లో ఇచ్చింది. అడ్రస్ మెసేజ్ పెట్టాను, వీలైతే తీసుకోండి.

వానలో_నిజామాబాద్

తీసుకున్నాను. మూత దగ్గర కాస్త నూనె కారింది, రిసెప్షన్ అమ్మాయి ఇది ఏమిటని రెండుసార్లు అడిగింది. అమ్మగారికి చెప్పు, ఇవాళ బడికి సెలవు పెట్టి అన్నం వండుకున్నాను. బయట వానే.